కొండ నేర్పే నాయకత్వం – పల్లె యువతకు ఆరుబయలు శిక్షణ



"నాయకుడు" అనే మాట వినగానే మన కళ్ల ముందు ఏ రూపం మెదులుతుంది? ఎత్తయిన వేదిక, చేతిలో మైకు, మెడలో పూలదండ. కాని ఆ మాట పుట్టుక వేరు. సంస్కృతంలో "నీ" అనే ధాతువుకు తీసుకొని పోవడం అని అర్థం. దాని నుండే "నాయకుడు" అనే పదం వచ్చింది. తన వెంట ఉన్నవారిని చేరవలసిన చోటికి క్షేమంగా తీసుకొని పోయేవాడే నాయకుడన్న మాట. వేదిక లేకపోయినా నాయకత్వం ఉంటుంది. తీసుకొని పోవలసిన మనుషులు లేకపోతే మాత్రం ఉండదు.

ఈ గుణాన్ని పిల్లలకు ఎక్కడ నేర్పించాలి? తరగతి గదిలో నాయకత్వ లక్షణాలు పది అని రాయించి, కంఠస్థం చేయించవచ్చు. మార్కులు కూడా వస్తాయి. కాని గుట్ట మధ్యలో తోటివాడి కాలు బెణికినప్పుడు ఆ పది లక్షణాలలో ఒక్కటీ గుర్తు రాదు. అప్పుడు అలవాటైనదే పనికివస్తుంది. అందువల్లనే కొండలలో, అడవులలో, నీటిమీద యువతకు నాయకత్వ శిక్షణ ఇచ్చే పద్ధతి ప్రపంచంలో అనేక చోట్ల ఏర్పడింది. మన పల్లెల యువతీయువకులకు ఇది ఎంతవరకు అవసరం, ఎంతవరకు సాధ్యం అన్నదే ఈ వారం మన పాఠం.

సైబరాబాదు రాళ్లు చెప్పే సంగతి

హైదరాబాదులోని హైటెక్ సిటీని చూడనివారు కూడా దాని పేరు విననివారు కారు. 1998 నవంబరు 22న అక్కడ సైబర్ టవర్స్ భవనం ప్రారంభమయింది. అంతకు ముందు మాదాపూర్, గచ్చిబౌలి, ఖాజాగూడ ప్రాంతాలు చాలావరకు రాతి గుట్టలు, చెరువులు, చిన్న పల్లెలు. ఆ నల్లరాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. భవనాల కోసం వాటిని పగలగొడుతూ ఉంటే, వాటిని కాపాడాలని 1996లో "సొసైటీ టు సేవ్ రాక్స్" అనే సంస్థ పుట్టింది.

మిగిలిన గుట్టలలో ఖాజాగూడ ఒకటి. సెలవు రోజు తెల్లవారుజామున అక్కడికి వెళ్లి చూడండి. హెల్మెట్లు పెట్టుకొని, నడుముకు తాళ్లు కట్టుకొని బండలు ఎక్కే యువతీయువకులు కనబడతారు. వారిలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పెద్ద కంపెనీలు తమ ఖర్చుతోనే ఉద్యోగులను ఇటువంటి శిబిరాలకు పంపిస్తూ ఉంటాయి. లాభనష్టాలు లెక్క చూసుకొనే కంపెనీలు ఇంత డబ్బు ఎందుకు ఖర్చు పెడతాయి? కంప్యూటరు ముందు తెలివైనవాడు నలుగురిని కలుపుకొని పని చేయించలేకపోతే ఆ తెలివి సగమే పనికివస్తుందని వాటికి తెలుసు కనుక.

ఇప్పుడు అదే రోడ్డు మీద ఇంకొక దృశ్యం చూడండి. ఆ గాజు భవనాల గేటు దగ్గర సెక్యూరిటీ దుస్తులలో నిలబడిన యువకుడు, భోజనం పొట్లాలతో మోటారు సైకిలు మీద పరుగెత్తే యువకుడు, గదులు శుభ్రం చేసే యువతి. వీరిలో అనేకులు పాలమూరు నుండో, నల్లగొండ నుండో, శ్రీకాకుళం నుండో వచ్చిన మన పల్లెల పిల్లలే. లోపల ఉన్నవారి వయస్సే వీరిదీ. తేడా ఎక్కడ ఉంది? చదువులో ఉంది, ఇంగ్లీషులో ఉంది, నిజమే. కాని మరొక తేడాను మనం సాధారణంగా గమనించం. "నీవేమంటావు? నీవే నిర్ణయించు, మేము నీ వెంట వస్తాం" అని ఈ పిల్లలతో ఎవరూ ఎన్నడూ అనలేదు. పుట్టినప్పటి నుండి వారు విన్నవి ఆజ్ఞలే. ఆజ్ఞలు మాత్రమే విన్నవాడికి ఆజ్ఞ పాలించడమే వస్తుంది.

పల్లె పిల్లలకు ఆరుబయలు కొత్తా?

ఇక్కడ కొందరు పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. "పట్నం పిల్లలకంటే ఎండ తెలియదు, వాన తెలియదు. వారికి కొండలు చూపించడం బాగుంది. మా పిల్లలు పుట్టిందే పొలం గట్టున. గొర్రెలు కాశారు, చెట్లెక్కారు, చెరువుల్లో ఈదారు. వారికి మళ్లీ ఆరుబయలు శిక్షణ ఎందుకు?"

ప్రశ్న సహేతుకమైనదే. జవాబు కూడా సూటిగా చెప్పుకుందాం. కష్టపడడం వేరు, శిక్షణ పొందడం వేరు. ఇల్లు కట్టడం వల్లనే ఇల్లు కట్టడం వస్తుందనీ, వీణ వంటి వాద్యాన్ని వాయించడం వల్లనే వాయించడం వస్తుందనీ, అలాగే ధైర్యంగల పనులు చేయడం వల్లనే మనిషి ధైర్యవంతుడవుతాడనీ గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ బోధించాడు. అయితే ఆయన ఇంకొక మాట కూడా జోడించాడు. చెడ్డగా కట్టడం వల్ల చెడ్డ మేస్త్రీ కూడా తయారవుతాడు! అందుకే నేర్పేవాడు కావాలి.

మన పిల్లల కష్టంలో లేనివి, శిక్షణలో ఉండేవి మూడు సంగతులు. మొదటిది నిర్ణయం: ఏ దారిన పోవాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు వెనుదిరగాలి అన్నది పిల్లవాడే తేల్చుకోవాలి. రెండవది బాధ్యత: తన ఒక్కడి క్షేమమే కాక, తన జట్టులోని అందరి క్షేమం అతని చేతిలో ఉంటుంది. మూడవది పునరాలోచన: సాయంత్రం అందరూ కూర్చొని, "ఈ రోజు ఎక్కడ పొరపాటు జరిగింది? ఎవరిని మనం పట్టించుకోలేదు?" అని మాట్లాడుకుంటారు. గొర్రెలు కాచే పిల్లవాడికి కాళ్లలో బలం ఉంది, కంటికి దారి తెలుసు. ఈ మూడూ కలిస్తే అతడు పట్నం పిల్లవాని కంటె ముందుంటాడు. ఇది ఊహ కాదు. మన కళ్లముందు జరిగిన చరిత్ర.

భువనగిరి గుట్ట నుండి ఎవరెస్టు దాకా

హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో భువనగిరి ఉంది. అక్కడ ఒకే రాయిగా నిలిచిన పెద్ద గుట్ట, దాని మీద చాళుక్యుల నాటి కోట ఉన్నాయి. 2013లో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలకు ఆ గుట్ట మీద శిలారోహణ శిక్షణ ప్రారంభించారు. అప్పటి గురుకుల సొసైటీ కార్యదర్శి, ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఇందుకు పూనుకున్నారు. పర్వతారోహకులు బి. శేఖర్ బాబు శిక్షకులు.

మొదట ఎన్నికయిన పిల్లలు 110 మంది. అందరూ పేద కుటుంబాలవారు. వారిలో 20 మందిని డార్జిలింగులోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపించారు. అక్కడ వారు సుమారు 17 వేల అడుగుల ఎత్తున్న రెనాక్ శిఖరం మీద మంచులో నడవడం నేర్చుకున్నారు. తరువాత తొమ్మిది మంది గడ్డకట్టే చలిలో లడఖ్‌లో శిక్షణ పొందారు. చివరకు ఇద్దరు మిగిలారు. ఒకరు నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, తాడ్వాయి గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. రెండవవారు ఖమ్మం జిల్లా దళిత కుటుంబంలో పుట్టిన సాధనపల్లి ఆనంద్ కుమార్. అతని తండ్రి సైకిళ్లు బాగుచేసే పని చేసేవారు.

2014 మే 25న ఈ ఇద్దరూ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో ప్రపంచంలోనే అతి చిన్నది. నేపాలు వైపు నుండి ఎక్కాలంటే 16 సంవత్సరాలు నిండాలనే నిబంధన ఉన్నందున వారు టిబెట్ వైపు నుండి ఎక్కారు. మొత్తం యాత్రకు 52 రోజులు పట్టింది. ఈ మధ్యలోనే, ఏప్రిల్ 18న, నేపాలు వైపున మంచు చరియలు విరిగిపడి 16 మంది షెర్పాలు మరణించారు. ఆ వార్త తెలిసిన తరువాత కూడా పిల్లలు వెనుకకు రావాలనుకోలేదు. పూర్ణ అంతటితో ఆగలేదు. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలి శిఖరం ఎక్కి, ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలనూ ముగించింది.

ఈ కథను మనం చాలాసార్లు విన్నాం, చప్పట్లు కొట్టాం. కాని ఒక లెక్క వేసి చూడండి. 110 మందిలో ఎవరెస్టు ఎక్కినవారు ఇద్దరు. మిగిలిన 108 మంది మాటేమిటి? వారు ఓడిపోయినవారా? అలా అనుకుంటే మనకు ఈ శిక్షణ అర్థం కానట్లే. ఎవరెస్టు ఎక్కడం ఒక ఫలితం మాత్రమే. భువనగిరి బండ మీద మొదటిసారి కాళ్లు వణికి, అయినా పైకి చేరిన ప్రతి పిల్లకూ ఒక సంగతి తెలిసింది: "నా వల్ల కాదని ఊరు అన్నది, నేనూ అనుకున్నాను. అది నిజం కాదు." ఈ జ్ఞానం పర్వతం దిగిన తరువాత కూడా మనిషిని వదలదు. శిక్షణకు అసలు పంట ఆ 108 మందిలోనే ఉంది.

తాడు చెప్పే పాఠం

శిలారోహణలో మొదట నేర్పేది ఎక్కడం కాదు, ముడి వేయడం, తాడు పట్టడం. ఒకరు బండ ఎక్కుతూ ఉంటే, కింద ఇంకొకరు తాడు పట్టుకొని నిలబడతారు. పైవాడు ఎక్కినకొద్దీ వదులైన తాడును సరిచేస్తూ ఉండాలి. పైవాడి కాలు జారితే తాడు బిగించి ఆపాలి. ఎక్కేవాడికి అందరూ చప్పట్లు కొడతారు. కాని అతని ప్రాణం తాడు పట్టినవాడి చూపులో ఉంది. కొద్దిసేపటికి ఇద్దరూ స్థానాలు మార్చుకుంటారు. ఊళ్లో ఏ కులమైనా, ఏ ఇల్లయినా, ఇక్కడ ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉంటుంది. సమానత్వం గురించి పది ప్రసంగాలు చేయలేని పని ఈ ఒక్క తాడు చేస్తుంది.

నడకలో ఇంకొక నియమం ఉంది. జట్టు వేగాన్ని నిర్ణయించేది అందరికంటె నెమ్మదిగా నడిచేవాడు. అతణ్ణి వెనుక వదిలి ముందు చేరినవారు గెలిచినట్లు కాదు. అందుకే అనుభవం ఉన్న నాయకుడు చాలాసార్లు వరుసలో చివర నడుస్తాడు. ఇంట్లో, ఊళ్లో మనం ఈ నియమం పాటిస్తున్నామా? చదువులో వెనుకబడిన బిడ్డను బట్టి మన ఇంటి నడక మారుతుందా? ఆలోచించండి.

ఈ తాళ్ల విద్య పట్నం వేడుక కాదని చెప్పడానికి మరొక ఉదాహరణ ఉంది. మన గీత కార్మికులు మోకు సహాయంతో తాటిచెట్లు ఎక్కుతారు. జారిపడి ఎందరో ప్రాణాలు కోల్పోయారు, నడుములు విరిగి మంచం పట్టారు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో పట్టీలు, తాళ్లు గల భద్రతా పరికరాలను వారికి ఇవ్వడం ప్రారంభించింది. కొండ ఎక్కేవారిని కాపాడే సూత్రమే తాటిచెట్టు ఎక్కేవారినీ కాపాడుతుంది. ఊళ్లో ఒక యువకుడికి ఈ విద్య సరిగా వస్తే, అతడు పది కుటుంబాలకు అండ అవుతాడు.

ధైర్యమా? తెగింపా?

2014లో ఎవరెస్టు విజయం విని మన రాష్ట్రాలు సంతోషిస్తూ ఉండగానే, సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న ఒక పిడుగులాంటి వార్త వచ్చింది. విహారయాత్రకు హిమాచల్ ప్రదేశ్ వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు మండీ జిల్లాలో బియాస్ నది ఒడ్డున రాళ్లమీద దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి నీరు వదిలారు. తగిన హెచ్చరిక లేదు. క్షణాలలో నది పొంగింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న యాత్ర నిర్వాహక సిబ్బంది ఒకరు కొట్టుకుపోయారు.

ఆ పిల్లలను తప్పుపట్టడానికి ఈ సంగతి గుర్తు చేయడం లేదు. వారు నమ్మి వెళ్లారు. కాని తల్లిదండ్రులుగా, పెద్దలుగా మనం తెలుసుకోవలసినది ఉంది. ప్రకృతి వినోదశాల కాదు. ఎవరెస్టు మీద 13 ఏళ్ల బాలిక క్షేమంగా ఉన్నదంటే, ఆమె వెనుక నెలల తరబడి శిక్షణ, నిపుణులు, ప్రతి అడుగుకూ ఒక నియమం ఉన్నాయి. నది ఒడ్డున చదునైన రాయి మీద నిలబడడానికి కూడా ఆ నది గురించి తెలిసినవారు పక్కన ఉండాలి. ప్రమాదాన్ని నిర్ణయించేది ఎత్తు ఒక్కటే కాదు, ఎంత సిద్ధపడి వెళ్లామన్నది కూడా.

పిరికితనానికీ తెగింపుకూ నడుమ ఉన్నదే ధైర్యమని అరిస్టాటిల్ చెప్పాడు. పిల్లలను ఇంటి గడప దాటనివ్వని భయం ఒక చివర. సెల్‌ఫోనులో ఫోటో కోసం జలపాతం అంచుకు పోవడం మరొక చివర. ఈ రెంటికీ మందు ఒక్కటే, సరైన శిక్షణ. శిక్షణ పొందినవాడు ఎక్కడ ముందుకు పోవాలో ఎంత తెలుసుకుంటాడో, ఎక్కడ ఆగిపోవాలో కూడా అంతే తెలుసుకుంటాడు.

అవకాశాలు ఎక్కడ ఉన్నాయి?

"ఇదంతా డబ్బున్నవారికి గదా!" అని నిరుత్సాహపడవద్దు. ఇప్పటికే మన చుట్టూ ఉన్న అవకాశాలను చూడండి.

1. స్కౌట్స్, గైడ్స్: 1907లో ఇంగ్లండులో బేడెన్ పావెల్ సుమారు 20 మంది బాలురతో బ్రౌన్‌సీ దీవిలో మొదటి శిబిరం నడిపాడు. విశేషమేమంటే, ధనికుల పాఠశాలల పిల్లలనూ కార్మికుల పిల్లలనూ కలిపి చిన్న జట్లుగా చేశాడు. ప్రతి జట్టుకూ ఒక బాలుడే నాయకుడు. మన దేశంలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడింది. మీ పాఠశాలలో ఇది ఉందా? లేకపోతే ప్రధానోపాధ్యాయుని అడగండి.

2. ఎన్.సి.సి.: ఉన్నత పాఠశాలలో చేరితే "ఎ" సర్టిఫికెట్, కళాశాలలో "బి", "సి" సర్టిఫికెట్లు వస్తాయి. శిబిరాలు, కొండ యాత్రలు ఇందులో భాగం. "సి" సర్టిఫికెట్ ఉన్నవారికి సైన్యంలో అధికారి ఉద్యోగానికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు వెళ్లే ప్రత్యేక మార్గం కూడా ఉంది.

3. ఎన్.ఎస్.ఎస్.: 1969లో ప్రారంభమయింది. కళాశాల విద్యార్థులు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఒక గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది.

4. పర్వతారోహణ సంస్థలు: డార్జిలింగు సంస్థ 1954లో స్థాపితమయింది. టెన్సింగ్ నార్గే అక్కడ మొదటి క్షేత్ర శిక్షణాధికారి. ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ 1965 నాటిది. ప్రాథమిక కోర్సు సుమారు నాలుగు వారాలు.

5. నీటి క్రీడలు: హైదరాబాదు యాట్ క్లబ్ హుస్సేన్ సాగర్‌లో పేద పిల్లలకు కూడా తెరచాప పడవలు నడపడం నేర్పుతోంది.

ఈ శిక్షణల వెనుక ఒక తత్వం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు మునిగినప్పుడు, వయస్సు మళ్లిన నావికులు తట్టుకొని బ్రతికితే, బలమైన యువకులు ముందుగా ఆశ వదులుకొని చనిపోతున్నారని ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ గమనించాడు. నాజీలను ఎదిరించి జర్మనీ విడిచి వచ్చిన విద్యావేత్త కర్ట్ హాన్‌తో కలిసి 1941లో వేల్స్‌లో "ఔట్‌వర్డ్ బౌండ్" అనే శిక్షణాలయం ప్రారంభించాడు. కండబలం ఉన్నంత మాత్రాన మనోబలం ఉండదు, దానిని వేరుగా పెంచాలి అన్నదే వారి నమ్మకం. పరీక్ష తప్పితే, ప్రేమ విఫలమైతే, అప్పు మిగిలితే ప్రాణాలు తీసుకొంటున్న మన యువతను చూచినప్పుడు ఈ మాట ఎంత అవసరమో తెలుస్తుంది.

మన విచారణలో ఏమి చేయవచ్చు?

పోలండు దేశంలో ఒక యువ గురువు కళాశాల విద్యార్థులను కొండలకూ నదులకూ తీసుకొని వెళ్లేవారు. కమ్యూనిస్టు ప్రభుత్వపు ఆంక్షల వల్ల సాధారణ దుస్తులలో వెళ్లేవారు. బోర్లించిన పడవే దివ్యపూజకు బలిపీఠం. 1958లో సహాయ మేత్రాణులుగా నియమితులైనట్లు ఆయనకు తెలిసింది కూడా పడవ యాత్రలో ఉండగానే. ఆయనే తరువాత రెండవ జాన్‌పాల్ పాపుగారు, నేడు మనం పునీతుడని పిలిచేవారు. కనుక ఇది మనకు పరాయి మార్గం కాదు.

మన యువజన సంఘం పెద్ద ఖర్చు లేకుండా ప్రారంభించగలదు. ఏడాదికి ఒక్కసారి రెండు రోజుల శిబిరం చాలు. కాని ఈ నియమాలు తప్పనిసరి:

– పదిమందికి మించని జట్లు. ప్రతి పూటా ఒక్కొక్కరు నాయకులు. అమ్మాయిలకూ వంతు రావాలి, వంటకు మాత్రమే కాదు.
– ప్రతి జట్టుతో కనీసం ఇద్దరు పెద్దలు. అమ్మాయిలున్న చోట స్త్రీలు తప్పక ఉండాలి.
– తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు వంటివి ముందే తెలపాలి.
– తాడు ముట్టుకొనే పని ఏదైనా శిక్షణ పొందిన నిపుణుని ఆధ్వర్యంలోనే.
– తెలియని నీటిలో దిగరాదు. ఈ నియమానికి మినహాయింపు లేదు.
– ప్రథమ చికిత్స పెట్టె, తగినంత నీరు, దగ్గరి ఆసుపత్రి దారి, గంటకొకసారి తలలు లెక్కించడం.
– వెళ్లే చోటును పోలీసులకో, అటవీ సిబ్బందికో ముందే తెలిపి అనుమతి పొందడం.
– సాయంత్రం గంటసేపు అందరూ కూర్చొని ఆ రోజు గురించి మాట్లాడుకోవడం. ఇది లేకపోతే అది విహారయాత్రే.

హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్న మన కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు. కంపెనీ ఖర్చుతో వారు నేర్చుకున్నదానిని సెలవు రోజులలో తమ ఊరి పిల్లలకు నేర్పవచ్చు. ఊరికి డబ్బు పంపడం మంచిదే. కాని ఊరి పిల్లవాని చేతికి తాడు ఇచ్చి, "నేను ఎక్కుతాను, నీవు పట్టుకో" అని అతణ్ణి నమ్మడం అంతకంటె పెద్ద కానుక. తన చేతిలో ఒకరి ప్రాణం ఉందని ఒకసారి తెలుసుకున్న పిల్లవాడు తన జీవితాన్ని అంత సులభంగా పారవేసుకోడు.

కుటుంబంలో చర్చించుకోవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో పిల్లలు స్వయంగా నిర్ణయించే సంగతులు ఏవి? గత నెలలో ఒక్కటైనా ఉందా?

2. మన అమ్మాయిని శిబిరానికి పంపడానికి మనకున్న భయాలు ఏవి? వాటిలో జాగ్రత్తతో తీరేవి ఏవి? "నలుగురూ ఏమంటారో" అన్నవి ఏవి?

3. మన ఇంట్లో, మన ఊళ్లో అందరికంటె నెమ్మదిగా నడిచేవారు ఎవరు? వారి కోసం మనం ఎక్కడైనా ఆగుతున్నామా?